ఒకే ఫోనులో రెండు అప్‌డేట్ తేదీలు: దేన్ని నమ్మాలి?

కృష్ణాతీరం:
మా నాన్నగారి ఆండ్రాయిడ్ ఫోను కొని నాలుగేళ్లయింది. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ అన్నచోట ఏడాదిన్నర కిందటి తేదీ ఉంది. దాని కిందనే గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్ అన్నచోట మాత్రం రెండు నెలల కిందటి తేదీ కనిపిస్తోంది. కొత్త అప్‌డేట్ కోసం వెతికితే ‘మీ ఫోను తాజాగానే ఉంది’ అంటోంది. ఈ రెండింటిలో దేన్ని లెక్కలోకి తీసుకోవాలి?

మరో సందేహం. ఆయన వాడే బ్యాంకు యాప్‌కు కొత్త వెర్షన్ అంటూ వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైలు (ఆండ్రాయిడ్ యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలు) వచ్చింది. నొక్కితే ముందు ఏదో అనుమతి అడిగిందట, ఇచ్చాక ‘యాప్ ఇన్‌స్టాల్ కాలేదు’ అని ఆగిపోయిందట. ఫోను పాతబడినందువల్లే ఇలా అవుతోందని ఆయన అభిప్రాయం.

మరమ్మతుబల్ల:
రెండు తేదీలూ నిజమైనవేనండీ, కాకపోతే అవి వేర్వేరు దారుల్లో వచ్చినవి. ఆండ్రాయిడ్‌లో బయటపడిన లోపాలకు గూగుల్ సవరణలు ప్రకటించాక, కెర్నెల్‌కూ (వ్యవస్థకు మూలమైన భాగం) చిప్ డ్రైవర్లకూ (చిప్‌లను నడిపే ప్రోగ్రాములు) సంబంధించినవాటిని ఫోను తయారీదారు తన మోడల్‌కు తగ్గట్టు కలిపి, పరీక్షించి, తన డిజిటల్ సంతకంతో (అది తన దగ్గరనుంచే వచ్చిందని రుజువు చేసే గుర్తు) పంపాలి. పై తేదీ ఆ పని ఎంతవరకు జరిగిందో చెబుతుంది. ఇందులో జరిగే ఆలస్యాన్ని చూసే, 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి వ్యవస్థలోని కొన్ని భాగాలను (ఆడియో, వీడియో ఫైళ్లను విప్పే మీడియా కోడెక్‌లు, టైమ్ జోన్ సమాచారం వంటివి) విడి మాడ్యూళ్లుగా చేసి, తయారీదారుతో పనిలేకుండా గూగుల్ ప్లే ద్వారానే పంపుతున్నారు. కింది తేదీ వాటిది. కింది తేదీ ఎంత కొత్తదైనా కెర్నెల్‌లోని పాత లోపాన్ని పూడ్చలేదు కనుక నేనైతే పై తేదీనే చూస్తాను.

ఇక ‘తాజాగానే ఉంది’ అన్న మాటకు, ఈ మోడల్ కోసం తయారీదారు సర్వర్‌లో ఇంతకంటే కొత్తది లేదని మాత్రమే అర్థం. ఆ మోడల్‌కు అప్‌డేట్లు ఇవ్వడం పూర్తిగా మానేసినా ఫోను ఆ మాటే అంటుంది.

సంతకందారు:
ఆ ఏపీకే సంగతి ముందు చూడండి, అది తొందరైన పని. ప్రతి ఆండ్రాయిడ్ యాప్‌పైనా దాన్ని తయారుచేసినవారి సంతకం ఉంటుంది. ఉన్న యాప్ మీద కొత్త వెర్షన్ ఎక్కాలంటే ప్యాకేజీ పేరుతో (ఫోను యాప్‌ను గుర్తుపట్టే లోపలి పేరు) పాటు ఆ సంతకం కూడా కలవాలి, కలవకపోతే ఫోను తిరస్కరిస్తుంది. మీ నాన్నగారి విషయంలో జరిగింది బహుశా ఇదే. ఖాళీ చాలకపోయినా, ఫైలు ఆ ఫోనుకు సరిపడనిదైనా అదే సందేశం వస్తుంది కనుక ఖాయంగా చెప్పలేను.

అయితే సంతకం ఉంది కదా అని ధీమాగా ఉండలేం. మోసగాడు ప్యాకేజీ పేరు మార్చి, బ్యాంకు బొమ్మనే ఐకాన్‌గా పెడితే, ఫోను దాన్ని వేరే యాప్ అనుకుని పక్కనే కూర్చోబెడుతుంది. ట్రాఫిక్ చలానా పేరుతో మన ఊళ్లలో తిరుగుతున్న ఏపీకేల పద్ధతి ఇదే. ఎక్కాక ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి అడుగుతాయి, ఓటీపీలు అక్కడే పోతాయి. ఆండ్రాయిడ్ 8 నుంచి బయటి యాప్‌లను ఇన్‌స్టాల్ చేసే అనుమతిని ఒక్కొక్క యాప్‌కు విడిగా ఇవ్వాలి. ఆయన ఇచ్చింది వాట్సాప్‌కు అయివుంటుంది, వెంటనే తీసేయండి. యాప్‌ల జాబితాలో బ్యాంకు పేరు రెండుసార్లు ఉందేమో చూడండి. డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

నిదానం:
అప్‌డేట్లు అంత మంచివేమీ కావు. 2021 మార్చిలో వెబ్‌వ్యూ (యాప్‌ల లోపలే వెబ్ పేజీలు చూపే భాగం) అప్‌డేట్ ఒకటి వచ్చి, జీమెయిల్‌తో సహా ఎన్నో యాప్‌లు తెరవగానే మూసుకుపోయాయి. అప్పటినుంచి నేను ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేశాను.

మరమ్మతుబల్ల:
ఆ లోపాన్ని సరిదిద్దింది కూడా మరో అప్‌డేటే కదండీ. వారం ఆగడం వేరు, పూర్తిగా ఆపేయడం వేరు.

కృష్ణాతీరం:
ఇంకొక్క ప్రశ్న. నా కొత్త ఫోను పెద్ద సిస్టమ్ అప్‌డేట్ తీసుకుని కూడా నిమిషంలో తెరుచుకుంది. నాన్నగారిది మాత్రం అప్పట్లో నల్లటి తెర మీద ఇరవై నిమిషాలు అలాగే ఉండిపోయేది. ఎందుకని?

మరమ్మతుబల్ల:
పాత పద్ధతిలో ఫోను రికవరీలోకి (అప్‌డేట్లు, మరమ్మతుల కోసం విడిగా ఉండే స్థితి) వెళ్లి, ఉన్న వ్యవస్థ మీదనే కొత్తదాన్ని రాసేది. ఆ పని ముగిసేదాకా మనం కూర్చోవలసిందే. 2016లో ఆండ్రాయిడ్ 7తో వచ్చిన ఏ/బీ పద్ధతిలో వ్యవస్థకు రెండు గదులుంటాయి. మీరు ఒకదానిలో పని చేసుకుంటూ ఉండగానే రెండోదానిలో కొత్తది సిద్ధమవుతుంది, రీస్టార్ట్‌లో జరిగేది గది మారడమే. కొత్తది సరిగా మొదలవకపోతే బూట్‌లోడర్ (ఫోను ఆన్ కాగానే వ్యవస్థను మొదలుపెట్టే ప్రోగ్రాము) పాత గదికే తిరిగి వస్తుంది. మీది ఈ పద్ధతి ఫోనే అయివుంటుంది.

కృష్ణాతీరం:
అందరికీ కృతజ్ఞతలు. వాట్సాప్‌కు ఇచ్చిన అనుమతి తీసేశాను, జాబితాలో బ్యాంకు పేరు ఒక్కసారే ఉంది. డౌన్‌లోడ్స్‌లో మాత్రం అదే ఏపీకే, దాని పక్కన పేరు చివర ఒకటి, రెండు అంకెలున్నవి, మొత్తం మూడు ప్రతులు దొరికాయి. అంటే నాన్నగారు మూడుసార్లు ప్రయత్నించారన్నమాట, మూడుసార్లూ ఫోను ఒప్పుకోలేదు.