పోడు వదిలేసిన కొండ మీద పాత అడవి తిరిగొస్తుందా?

వంశధార_గట్టు
ఇంట్లో పంచాయితీ తేలక ఇక్కడికి తెచ్చాను. కాశీనగర్ దగ్గర కొండ మొదట్లో మా మావయ్యకి కొంచెం మెట్ట ఉంది. దాని పైన వాలంతా పక్క ఊరి సవరలు పోడు చేసేవారు. చోళ్ళు, కందులు, సామలు పండేవి. ఎనిమిదేళ్ళ కిందట పోడు ఆగిపోయింది. ముట్టుకోకుండా వదిలేస్తే ఒకప్పటి గుగ్గిలం (సాల్ చెట్టు) అడవి దానంతటదే వచ్చేస్తుందంటాడు మావయ్య. ఇంటి అరుగు మీంచి చూస్తే నాకు లాంటానా డొంక తప్ప ఏమీ కనబడదు. ఎవరిది రైటు?

పర్లాకిమిడి_పంతులు
మీ మావయ్యగారిదే. ఎనిమిదేళ్ళకే కంగారు పడితే ఎలా? ముందు గడ్డి, కొండచీపురు. తర్వాత పొదలు. రాలిన ఆకు కుళ్ళి నేల మెత్తబడ్డాక, ఆ నీడలో చెట్లు. చివరికి అక్కడి వానకీ ఎండకీ తగిన అడవి నిలబడుతుంది. అమెరికాలో క్లెమెంట్స్ అనే వృక్షశాస్త్రవేత్త 1916లో దీని మీద పెద్ద పుస్తకమే రాశాడు. అడవి ఒక ప్రాణి లాంటిదన్నాడు: పుడుతుంది, ఎదుగుతుంది, గాయమైతే మానుతుంది. ముప్ఫయ్యేళ్ళు పిల్లలకి ఇదే చెప్పాను.

సరుగుడు_తోట
జామాయిల్ వేసుకోండి. పేపరు మిల్లు లారీ ఇంటి ముందుకే వస్తుంది, గొడవ తీరిపోతుంది.

బరంపురం_బాటనీ
(పైనాయన ప్రతి చర్చలోనూ ఇదే అంటారు, పట్టించుకోకండి.)

మాస్టారూ, నమస్కారం. క్లెమెంట్స్ మాటని పదేళ్ళకే, 1926లో, గ్లీసన్ అనే ఇంకో అమెరికా వృక్షశాస్త్రవేత్త కాదన్నాడు కదా. ఆయన లెక్కలో అడవి ప్రాణి కాదు, మన గుణుపురం సంత లాంటిది. ఎవరి పని మీద వాళ్ళొస్తారు, చోటు దొరికినవాళ్ళు దుకాణం పెడతారు. ఆయన్ని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత చెరువుల అడుగు బురదలో పాత పుప్పొడి లెక్కపెట్టారు. ఉత్తర అమెరికాలో మంచుయుగం చివర మంచు వెనక్కి తగ్గినప్పుడు చెట్లు అడవి అడవిగా కదల్లేదు, ఏ జాతి దారిన ఆ జాతి, దాని వేగంతో అది నడిచిందని తేలింది.

ఇక గుగ్గిలం సంగతి. దాని గింజ తొలకరి ముందు రాలుతుంది. వారం పది రోజులు దాటితే మొలవదు. నేలలో ఏళ్ళ తరబడి నిద్రపోయి, అదను చూసి లేచే గింజ కాదు. రెక్కలున్నా తల్లి చెట్టుకి మరీ దూరం పోదు. దగ్గర్లో కాపు చెట్టు లేకపోతే మీరు చెప్పిన వరసలో చివరి మెట్టు ఎక్కేదెవరు?

ముందొచ్చిన మొక్క వెనకదానికి ఎప్పుడూ చోటు చదును చేసి పెడుతుందనీ లేదు. కానెల్, స్లాటయర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1977లో మూడు దారులు చెప్పారు. సాయపడొచ్చు, ఏమీ పట్టనట్టు ఉండొచ్చు, అసలు రానివ్వకపోవచ్చు. లాంటానాది మూడో రకం అని నా అభిప్రాయం.

పర్లాకిమిడి_పంతులు
లాంటానా ఇక్కడి మొక్కేనా? 1800ల మొదట్లో కలకత్తా తోటకి అందం కోసం తెచ్చారు. దొంగ దూరాడని ఇంటి వరసే తప్పంటారా? దాన్ని కొట్టేసి చూడండి.

బరంపురం_బాటనీ
కొట్టేద్దాం మాస్టారూ. మరి ఇది చెప్పండి. బ్రిటిష్ కాలంలో బెంగాల్, అస్సాం వైపు తేమ ఎక్కువగా ఉండే గుగ్గిలం అడవుల్లో నిప్పు పడకుండా అటవీశాఖ ఏళ్ళ తరబడి కాపలా కాసింది. పెద్ద చెట్లు బాగానే ఉన్నాయి. కింద పచ్చని పొదలు కమ్మేసి, గుగ్గిలం పిల్ల మొక్కలు రావడం మానేశాయి. చివరికి అటవీశాఖే అగ్గిపుల్ల గీయాల్సి వచ్చింది. అంటే మనం "చివరి అడవి" అనుకున్నది అక్కడ మంట వల్ల నిలబడింది. మీరు పాత అడవి అంటున్నది ఏ ఏడాది అడవి?

విస్తరాకు
ఎవరి అడవి అని కూడా అడగండి. అడ్డతీగ గుగ్గిలం చెట్టుని పాకి అణిచేస్తుందని అటవీశాఖ వాళ్ళు నరికిస్తారు. మా అమ్మ ఆ ఆకులు కుట్టే నన్ను చదివించింది.

రాయగడ_కొండదారి
మీరిద్దరూ దొరల పుస్తకాలు చదివి కొట్టుకుంటన్నారు. ఒక్క మాట అడుగుతాను బాబూ, ఆ వాలులో మోళ్ళు ఉన్నాయా, నేవా?

పోడోళ్ళు చెట్టుని మోకాలెత్తులో నరుకుతారు, వేరు పీకరు. ఇప్ప, పనస, జీలుగు అసలు ముట్టుకోరు. జీలుగు నరికితే కల్లెక్కడిది? పైన చోళ్ళు పండుతున్నా కింద వేరు బతికే ఉంటాది. వదిలేసిన ఏడు తొలి వానకే మోడు చుట్టూ పిలకలు లేస్తాయి. తునికి సంగతి బీడీ ఆకు కోసినోళ్ళని అడగండి. ఎండాకాలం ముందు పొద కొట్టేది అందుకే, కొడితే రెట్టింపు చిగురేస్తాది. గుగ్గిలమూ మోడు నుంచి లేచే రకమే. కాబట్టి అడవి తిరిగొచ్చిందనీ కాదు, కొత్తగా పుట్టిందనీ కాదు. అది పోనేదు, అంతే. మూడేళ్ళకోసారి మళ్ళీ మళ్ళీ నరికితే మాత్రం వేరు అలిసిపోతాది.

పర్లాకిమిడి_పంతులు
ఈ మాట ఒప్పుకుంటాను. మా పాఠంలో మోడు గురించి ఒక్క ముక్క లేదు.

వంశధార_గట్టు
ఆదివారం కత్తి పట్టుకుని నేనూ మావయ్యా పైకెళ్ళాం. అరుగు మీంచి చూసింది తప్పు. పై సగంలో డొంక దాటాక గుగ్గిలం పిలకలు నా తల ఎత్తున ఉన్నాయి, ఒక్కో మోడు చుట్టూ నాలుగైదు. మధ్యమధ్య తునికి, కొడిశపాల. కింది సగం మాత్రం ఉత్త లాంటానా. ఒక్క పిలక లేదు. పైకి చూపించి మావయ్య "చెప్పానా?" అన్నాడు. కిందికి చూపించి నేనూ అదే అన్నాను.

రాయగడ_కొండదారి
కింది సగంలో మోళ్ళు పీకించిందెవరు?

వంశధార_గట్టు
మావయ్యే. అది ఆయన మెట్టే. జీడితోట వేద్దామని పొక్లెయిన్ పెట్టించి వేళ్ళతో సహా తీయించాడు. నలభై మొక్కలు నాటితే ఏడు బతికాయి.