ముక్కులు కొలిచిన కథని కార్టూన్‌గా ఎలా గీయాలి?

అందరికీ నమస్కారం. చెన్నైలో ఆంత్రోపాలజీ (మానవ శాస్త్రం) పీజీ చదువుతున్నాను. మా సబ్జెక్టు గురించి ఇక్కడి తెలుగువాళ్లకి కార్టూన్లలో చెప్పాలని ఉంది. పాఠంలా రాస్తే ఎవరూ చదవరు, బొమ్మైతే ఆగి చూస్తారు.

మొదటిది సులువుగానే వచ్చింది: 1863లో చెన్నై దగ్గరి పల్లవరంలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కి ఆదిమానవుల రాతి గొడ్డలి దొరకడం. రెండోదాని దగ్గరే ఆగిపోయాను. ఇక్కడి ఎగ్మోర్ మ్యూజియంకి సూపరింటెండెంట్‌గా చేసిన ఆంగ్లేయుడు ఎడ్గార్ థర్‌స్టన్ మనుషుల తలలు, ముక్కులు కొలిచి, దక్షిణాది కులాలు, తెగల మీద 1909లో ఏడు సంపుటాలు వేశాడు. ముక్కు వెడల్పుని బట్టి మనుషుల్ని ఎక్కువ తక్కువలుగా పేర్చిన కాలం అది. ఇది జనానికి తెలియాలని నాకు గట్టిగా ఉంది. కానీ కార్టూన్‌లో ముక్కు కనబడితే సాగదీసి గీయడమే అలవాటు కదా! కొలతకి నిలబడ్డ మనిషిని అలా గీస్తే, ఆ అవమానాన్నే మళ్లీ చేసినట్టవుతుంది. మామూలుగా గీస్తే బొమ్మలో పస ఉండటం లేదు.

ఇప్పుడైతే దొరగారి ముఖాన్నీ, చేతిలోని కొలిచే పరికరాన్నీ మాత్రమే పెద్దవి చేసి, ఎదుట నిలబడ్డ మనిషి వైపు నుంచి కథ నడుపుతున్నాను. ఇది సరైన దారేనా? కార్టూన్లు వేసేవాళ్లు చెప్పండి. ఆ మనిషిది ఏ తెగో పేరు రాయాలా, వద్దా? ఆ సముదాయాల నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ మాటే నాకు అన్నిటికంటే ముఖ్యం. చిత్తు బొమ్మలు పంపుతాను, నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి.