మిగ్-21 దిగిపోయింది: ఇక డబ్బు తేజస్‌కా, రఫేల్‌కా?

గగనవీధి:
2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు చెప్పాక వాయుసేనకి మిగిలినవి 29 ఫైటర్ స్క్వాడ్రన్లు. మంజూరైన బలం 42. ముందురోజే రక్షణ శాఖ, మన దేశంలోనే తయారయ్యే తేజస్ ఫైటర్ మార్క్-1ఏ రకం 97 విమానాలకి 62,370 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుంది. 2021లో ఆర్డరిచ్చిన 83 కూడా కలిపితే మొత్తం 180. స్క్వాడ్రన్‌కి 18 చొప్పున పది స్క్వాడ్రన్లు. ఇంకోపక్క 114 విదేశీ ఫైటర్ల ప్రతిపాదన 2018 నుంచీ నలుగుతోంది, అందులో ముందు వినిపించే పేరు ఫ్రాన్స్ రఫేల్. దాన్ని పక్కనపెట్టి ఆ డబ్బు కూడా తేజస్ మీదే పెట్టాలని నా వాదన. కాదనేవాళ్లు కారణాలతో చెప్పండి.

ఆఫ్టర్‌బర్నర్:
నేను కాదంటాను. బెంగళూరులో రెండు తయారీ లైన్లు, నాసిక్‌లో ఒకటి, మొత్తం ఏడాదికి 24 విమానాలు తేజస్ తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్ లక్ష్యం. ఆ వేగం మొదటి రోజే అందుకున్నా 180కి ఏడున్నరేళ్లు. ఆ తర్వాత ఎంతోకాలం పట్టకుండానే జాగ్వార్లు, మిరాజ్-2000లు, మిగ్-29లు కూడా వయసు మీరి దిగిపోతాయి. మీ పది స్క్వాడ్రన్లలో చాలా భాగం ఆ ఖాళీలు పూడ్చడానికే సరిపోతుంది.

పైగా చిక్కంతా ఇంజన్ దగ్గరుంది. తేజస్‌కి వాడే ఎఫ్404-ఐఎన్20 రకం ఇంజన్లు అమెరికా కంపెనీ జీఈ 65 మనకిచ్చాక, 2016లో ఆ లైన్ మూతపడింది. మనం 2021లో మళ్లీ 99 అడిగాం. ఆగిపోయిన లైన్ తిరిగి మొదలవ్వాలంటే విడిభాగాలు చేసే చిన్న కంపెనీలన్నీ మళ్లీ కదలాలి. మొదటి ఇంజన్ చేతికొచ్చేసరికి 2025 మార్చి. విమానాలివ్వడం మొదలుపెట్టాల్సిన గడువేమో 2024. బాడీలు తయారైనా, రిజర్వ్ ఇంజన్లు బిగించి పరీక్షలకి ఎగరేయాల్సి వచ్చింది.

పైలాన్:
మీరు చెప్పిన ఇంజన్ కథే తేజస్ ఆర్డర్లు తెగకుండా ఇవ్వాలనడానికి గట్టి కారణం అండీ. ఆర్డర్ల మధ్య అయిదేళ్లు ఖాళీ వదిలితే ఏ దేశపు లైనైనా మూతపడుతుంది. ఈసారి ఆ పొరపాటు జరగలేదు. 97 విమానాల సంతకమయ్యాక రెండు నెలల్లోపే, 2025 నవంబర్‌లో, 113 ఇంజన్లకి ఒప్పందం అయిపోయింది. 97 పోగా 16 స్పేర్. 83 విమానాలకి 99 తీసుకున్నప్పుడూ అదే 16.

ఆయుధాల సంగతీ చూడాలి. కొత్త మిసైల్ తేవడమంటే రెక్క కింద తగిలించేయడం కాదు. ముందు లాంచర్ పైలాన్‌కి (రెక్క కింద ఆయుధాలు తగిలించే బిగింపుకి) సరిగ్గా కూర్చుంటుందో లేదో చూడాలి, తర్వాత వైరింగ్. మిషన్ కంప్యూటర్, రాడార్, మిసైల్ ఒకదాని డేటా ఒకటి అర్థం చేసుకునేలా సాఫ్ట్‌వేర్ రాయాలి. వేర్వేరు వేగాల్లో, ఎత్తుల్లో మిసైల్‌ని మోసుకుని ఎగరాలి. వదిలినప్పుడు అది తోకకి తగలకుండా, దాని పొగ ఇంజన్‌లోకి పోకుండా విడిపోతోందో లేదో తేల్చాలి. నిజమైన లక్ష్యం మీద ప్రయోగం ఇవన్నీ అయ్యాకే. గాల్లోని లక్ష్యాల్ని కొట్టే మన అస్త్ర మిసైల్‌ని తేజస్ నుంచి 2023 ఆగస్టులో గోవా తీరంలో ప్రయోగించింది ఈ దారిలోనే. కంప్యూటర్ కోడ్ మనది కాబట్టి దాన్ని మార్చడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రఫేల్ మీద అదే అస్త్ర పెట్టాలంటే దాన్ని తయారుచేసే ఫ్రెంచ్ కంపెనీ దసో దగ్గరికెళ్లాలి, వాళ్ల ధరకి, వాళ్ల తీరిక చూసుకుని.

ఆఫ్టర్‌బర్నర్:
కోడ్ విషయంలో మీతో గొడవ లేదు. కానీ తేజస్ గరిష్ఠ టేకాఫ్ బరువు 13.5 టన్నులు, రఫేల్‌ది 24.5. దూరం వెళ్లి, బరువైన ఆయుధాలు మోసి, తిరిగి రావాల్సిన పని తేజస్‌కి అప్పగించలేం. అది మిగ్-21 స్థానంలోకి పుట్టిన విమానం, ఆ పని బాగా చేస్తుంది. అంబాలా, హాసిమారా వాయుసేన స్థావరాల్లో రఫేల్‌కి కావాల్సిన ఏర్పాట్లు ఇప్పటికే ఉన్నాయి. మన కోసం చేయించిన 13 ప్రత్యేక మార్పుల డిజైన్ ఖర్చు 2016లో కొన్న మొదటి 36 రఫేల్‌లతోనే కట్టేశాం. హైదరాబాద్‌లో టాటా-దసో కలిసి రఫేల్ బాడీ భాగాలు చేయడానికి 2025 జూన్‌లో ఒప్పందం కుదిరింది, నెలకి రెండు దాకా అన్నారు. ఇదంతా వదిలేసి కొత్తగా ఇంకో రకం విదేశీ విమానం తెస్తే మాత్రం నేనూ వ్యతిరేకిస్తాను.

రన్‌వే27:
ఇద్దరూ కొనుగోలు దగ్గరే ఆగిపోయారు. ఇల్లలకగానే పండగ కాదు. 29 స్క్వాడ్రన్లని 18తో గుణిస్తే 522. ఏ ఉదయమైనా వాటిలో ఎగరడానికి సిద్ధంగా ఉండేవెన్ని? వందకి మరో పది సిద్ధంగా ఉంచగలిగితే 52 విమానాలు, అంటే దాదాపు మూడు స్క్వాడ్రన్లు, ఒక్క కొత్త విమానం కొనకుండానే చేతికొస్తాయి.

విమానం నేల మీద ఉండిపోయేది ఎక్కువగా చిన్న వాటి కోసమే: ఒక హైడ్రాలిక్ పంపు, ఒక సీలు, ఓవర్‌హాల్‌కి వెళ్లి తిరిగి రాని ఇంజన్. 2021లో ఫ్రాన్స్ పక్కనపెట్టేసిన 24 మిరాజ్‌లని 2.7 కోట్ల యూరోలకి కొన్నది ముఖ్యంగా విడిభాగాల కోసమే. ఆరు రకాల ఫైటర్లున్న సైన్యంలో ఒక్కోదానికి వేరే స్టోరు, వేరే టెస్ట్ పరికరాలు, వేరే సిమ్యులేటర్, వేరుగా శిక్షణ పొందిన టెక్నీషియన్లు.

2016 రఫేల్ ఒప్పందంలో నాకు బాగా నచ్చింది మిసైళ్లు కాదు. అయిదేళ్లపాటు కనీసం 75 శాతం విమానాలు ఎప్పుడూ అందుబాటులో ఉండేలా చూసే బాధ్యత తయారీదారు మీద పెట్టారు. అదే షరతు తేజస్‌కీ కావాలి. మన కంపెనీ కదా అని సడలించకూడదు.

గగనవీధి:
75 శాతం షరతు తేజస్‌కీ పెట్టాలంటే నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ హామీ నిలబడాలంటే స్పేర్ ఇంజన్లు 16 చాలవు. ఒంటి ఇంజన్ విమానంలో ఇంజన్ దించితే ఆ విమానం ఆగినట్టే. 97 విమానాలకి 16 అంటే ఆరింటికి ఒకటి. 114కి పెట్టే డబ్బులో కొంత తీసి ఆ సంఖ్య పెంచాలి.

ఆఫ్టర్‌బర్నర్:
ఇంజన్లు పెంచండి, సమ్మతమే. దాని కోసం 114ని పూర్తిగా ఆపనక్కర్లేదు. రెండు స్క్వాడ్రన్ల రఫేల్ ముందు తీసుకోవచ్చు. మన మిసైళ్లు మనమే కలుపుకోవడానికి కావాల్సిన ఇంటర్‌ఫేస్ వివరాలు ఒప్పందంలో రాసివ్వాలి. అవి ఇవ్వకపోతే సంతకం చేయొద్దని నేనూ అంటాను.

పైలాన్:
ఆ వివరాలు ధర ఖాయం కాకముందే అడగాలి. సంతకం అయ్యాక అడిగితే ప్రతి మిసైల్‌కీ విడిగా బిల్లు వస్తుంది.