ఒజ్జబంతి అనే మాట గురించి

తాను చెప్పినదాన్ని తాను ఆచరించి చూపే గురువును తెలుగులో ఒక్కమాటలో ఏమనాలని మొన్న ఈ బృందంలో ఒక సోదరి అడిగారు. ఆ ప్రశ్న రెండు రోజులుగా నన్ను వదలలేదు. చాలామంది వెంటనే 'ఆచార్యుడు' అన్నారు. మరికొందరు అలా ఆచరించనివాణ్ణి గురించి 'చెప్పేవి శ్రీరంగనీతులు' అనే సామెతను గుర్తుచేశారు. ఆ సామెత రెండో సగాన్ని నేను ఇక్కడ రాయను. ఊరి చివర గుడిసెలు వేసుకొని, గడ మీద ఆటలాడి పొట్టపోసుకున్న ఒక కులంవాళ్ళ ఇంటిని అది నీతిలేనితనానికి గుర్తుగా చూపిస్తుంది. ఒకడి నడవడి బాగాలేదని చెప్పడానికి ఏ పాపమూ ఎరగని మరొకరి గుడిసెను వేలెత్తి చూపడం, నడవడి గురించి మాట్లాడేవాళ్ళు చేయదగిన పని కాదు. మొదటి సగం చాలు, మిగిలినది చెప్పకపోయినా అర్థం అందరికీ తెలుస్తుంది.

నేను ముందుకు తేదలచిన మాట 'ఒజ్జబంతి'. సంస్కృతంలోని 'ఉపాధ్యాయ' శబ్దం ప్రాకృతంలో 'ఉవజ్ఝాయ' అయి, తెలుగులోకి వచ్చేసరికి 'ఒజ్జ'గా నిలిచింది. 'పంక్తి' మనకు 'బంతి' అయింది. మొదటి బంతి లేచిందా అని పెళ్ళి భోజనాల దగ్గర మన నెల్లూరు జిల్లాలో ఇప్పటికీ అడుగుతారే, ఆ బంతే ఇది. కాబట్టి ఒజ్జబంతి అంటే గురువు వేసిన వరుస, అంటే పిల్లవాడు చూసి రాసుకోవడానికి గురువు ముందుగా తన చేత్తో రాసి ఇచ్చే పంక్తి. మేలుబంతి అన్నా, ఒరవడి అన్నా తొలి అర్థం ఇదే. ఒరవడి ఇప్పుడు పత్రికల్లో 'ధోరణి' అనే అర్థంలో తిరుగుతున్నది గానీ, పాతతరం వాళ్ళకు అది పలక మీది పైవరుసే.

దాని రూపం నాకు కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. పెన్న ఒడ్డున ఉన్న మా ఊళ్ళో అక్షరాభ్యాసం అయిన పిల్లలందరికీ అయ్యవారు (మా పలుకుబడిలో అయ్యోరు) ఏటి ఇసుకను జల్లించి, చదునుగా పరిచి, అందులో చూపుడువేలితో 'అ' రాసేవారు. వేలు వెళ్ళిన మేర సన్నని గాడి పడేది, గాడికి రెండు పక్కలా ఇసుక గట్టులా లేచేది. ఆ గాడిలో మా వేలు పెట్టి తిప్పాలి. గాడి లోతుగా, నికరంగా ఉంటే మా వేలు దారి తప్పేది కాదు, గట్టు దాన్ని ఆపేది. ఒకసారి ఆయనకు జ్వరం వచ్చి చెయ్యి వణికిన నాడు 'అ' తోక వంకరపోతే, ఆ పూట మా అందరి 'అ' తోకలూ అలాగే వంకరపోయాయి. ఎవరూ మమ్మల్ని తప్పుపట్టలేదు, ఆయన ఇసుక చెరిపి మళ్ళీ రాశారు.

ఈ పనికి మనకున్న క్రియ 'దిద్దు'. అక్షరాలు దిద్దడమంటే గురువు రాసిన గీత మీదనే మళ్ళీ గీయడం, తప్పులు దిద్దడమంటే సరిచేయడం. నేర్చుకోవడానికీ సవరించుకోవడానికీ తెలుగు ఒకే మాటను పెట్టుకున్నది. 'అయ్యవారు ఏం చేస్తున్నారంటే, చేసిన తప్పులు దిద్దుకుంటున్నారు' అనే సామెతను మనం ఎగతాళికి వాడుతాము. నాకు మాత్రం అందులో ఎగతాళి కనిపించడం ఎప్పుడో మానేసింది. పిల్లల తప్పులు దిద్దడం అయ్యవారి ఉద్యోగమైతే, తన తప్పులు దిద్దుకోవడం ఆయన చదువు.

అలా మానేయడానికి కారణం ఉంది. నేను ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పేవాణ్ణి. తప్పు రాసిన మాటను పదిసార్లు రాసి తీసుకురావాలనేది నా తరగతిలో నియమం, దానికి మినహాయింపు లేదు. ఒకరోజు పలుకుబడి మీద పాఠం చెబుతూ నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో 'ఉచ్ఛారణ' అని ఒత్తు ఛకారం పెట్టి రాశాను. ఉత్ అనే ఉపసర్గ చారణతో కలిస్తే 'ఉచ్చారణ' అవుతుంది, అక్కడ ఒత్తు అక్షరానికి తావే లేదు. ఆ సాయంత్రం నలభై ఒక్క నోటుపుస్తకాలు ముందు పెట్టుకొని ఎర్రసిరా కలంతో దిద్దబోతే, నలభై ఒక్కింటిలోనూ అదే తప్పు, నా చేతివ్రాత మలుపుతో సహా ఉన్నది. మరునాడు తరగతిలో, అది నా పొరపాటనీ, అందరూ సరిచేసుకోవాలనీ చెప్పి పాఠంలోకి వెళ్ళబోయాను. ముందు వరుసలో కూర్చునే ఒక అమ్మాయి లేచి, 'అయ్యోరా, మమ్మల్నయితే పదిసార్లు రాయమంటారు గదా' అన్నది. ఆ గొంతులో ధిక్కారం లేదు, నియమం గురించిన సందేహం మాత్రమే ఉంది. నేను సుద్దముక్క తీసుకొని బల్ల మీద పదిసార్లు రాశాను. ఆరోసారికి తరగతి మొత్తం నాతోపాటు పైకి చదవడం మొదలుపెట్టింది. ఆ తరువాత ఆ పిల్లలెవరూ ఆ మాటను తప్పు రాయగా నేను చూడలేదు, పదిసార్లు రాయమన్నప్పుడు గొణుక్కోగా కూడా వినలేదు.

'స్వయమాచరతే' అనే మాట ఉన్న ప్రసిద్ధ శ్లోకాన్ని వేదపదాల అర్థాలను, వ్యుత్పత్తులను వివరించే 'నిరుక్తం' రాసిన యాస్కుడి మాటగా నేను ఏళ్ళ తరబడి తరగతుల్లో చెబుతూ వచ్చాను. శాస్త్రార్థాలను పోగుచేసుకొని, శిష్యులను ఆచారంలో నిలిపి, తాను స్వయంగా ఆచరించేవాడే ఆచార్యుడని దాని భావం. ఆచార్య శబ్దం గొప్పదే. అయినా 'ఆచారం' మనకు ఇప్పుడు కులాచారం, ఇంటి ఆచారం అన్న అర్థానికి కుదించుకుపోయింది. 'ఆత్మశుద్ధి లేని ఆచారమదియేల' అని వేమన అడిగేనాటికే ఆ మాట ఎంతగా పైపైకి తేలిపోయిందో తెలుస్తూనే ఉన్నది. అందుకే ఆ సోదరి అడిగిన అర్థానికి ఒజ్జబంతిని మళ్ళీ వాడుకలోకి తెచ్చుకుందామని నా మనవి. విజ్ఞులు తప్పొప్పులు చెప్పగలరు.

కందుకూరు నుంచి ఒక సంస్కృత అధ్యాపకుడు:

అయ్యా, ఒజ్జబంతి వివరణ చాలా సంతోషం కలిగించింది. ఒక్క సవరణ మనవి చేసుకుంటాను. 'స్వయమాచరతే' అనే మాట నిరుక్తంలో లేదు. యాస్కుడు మొదటి అధ్యాయంలో 'ఆచార్యః కస్మాత్' అని ప్రశ్న వేసుకొని మూడు సమాధానాలు ఇచ్చాడు. ఆచారాన్ని గ్రహింపజేస్తాడు కనుక, అర్థాలను పోగుచేస్తాడు కనుక, లేదా బుద్ధిని పోగుచేస్తాడు కనుక ఆచార్యుడు అని. మీరు చెప్పిన శ్లోకం వేరే సంప్రదాయంలో ప్రచారంలో ఉన్నది. మనుస్మృతి రెండో అధ్యాయం ఉపనయనం చేసి వేదం చెప్పేవాణ్ణి ఆచార్యుడన్నది, వేదంలో ఒక భాగాన్ని జీవనం కోసం చెప్పేవాణ్ణి ఉపాధ్యాయుడన్నది. ఈ నిర్వచనాల్లో ఎక్కడా, తాను ఆచరించాలనే షరతు పైకి కనిపించదు. పెద్దవారు, అన్యథా భావించకండి.

నా సమాధానం:

అన్యథా భావించడానికి ఏముంది, మీకు రుణపడి ఉన్నాను. మీరు చేసిన సవరణ వల్ల నాకు విషయం ఇంకా తేటపడింది. యాస్కుడు వాడిన క్రియ 'గ్రాహయతి', అంటే ఎదుటివాడు పట్టుకునేలా చేయడం. అక్కడ దృష్టి అంతా శిష్యుడి మీద ఉన్నది. తాను కూడా ఆచరించాలన్న షరతును ఆ శ్లోకం బాహాటంగా చేర్చింది. మన ఒజ్జబంతిలో ఆ షరతును ఎవరూ వేరుగా చేర్చవలసిన అవసరమే రాలేదు, ఎందుకంటే ఒజ్జ తన వరుసను ముందు రాయకపోతే పిల్లవాడికి దిద్దడానికి పలక మీద ఏమీ ఉండదు. నేను ఈ మాటను పట్టుకుని వేలాడుతున్నది భాషాభిమానం వల్ల మాత్రమే కాదు, ఆ పనిలోని క్రమం ఆ మాటలోనే ఉన్నందువల్ల.

ఒంగోలు నుంచి ఒక వైద్యుడు:

మాస్టారూ, మీతో పూర్తిగా ఏకీభవించలేకపోతున్నాను. చక్కెరవ్యాధి ఉన్న రోగులకు రోజూ అరగంటైనా నడవమని చెబుతాను. ఆసుపత్రి పని వల్ల నేను నడవలేకపోతున్నాను. అంతమాత్రాన నా సలహా తప్పవుతుందా? ఆచరించేవాడే చెప్పాలంటే లోకంలో సగం మంచిమాటలు చెప్పేవాళ్ళు లేక ఆగిపోతాయి. వ్యక్తిత్వ వికాసం మీద ఉపన్యాసాలిచ్చేవాళ్ళను అందరూ నిందిస్తారు గానీ, వాళ్ళ మాటతో బాగుపడిన పిల్లలు కూడా ఉన్నారు కదా.

నా సమాధానం:

డాక్టరు గారూ, మీ ప్రశ్న న్యాయమైనది. మీ సలహా తప్పు కాదు. ఎక్కం తప్పు చెప్పిన అయ్యవారి వల్ల ఎక్కం మారిపోనట్టే, నడవని వైద్యుడి వల్ల నడక గుణం తగ్గదు. అయితే మాట నిజం కావడం వేరు, ఆ మాట మనిషిలో దిగడం వేరు. రెండోదాని గురించే నా బాధ. ఒక పాఠశాలలో పిల్లలకు ఏకాగ్రత మీద బోధించడానికి వచ్చిన ఒక ఉపన్యాసకుడు, చదివేటప్పుడు సెల్‌ఫోన్ పక్కన పెట్టాలని చెబుతూ, బల్ల మీది తన ఫోను వెలిగినప్పుడల్లా మాట ఆపి చూసుకోవడం నేను కళ్ళారా చూశాను. ఆయన చెప్పినవన్నీ నిజాలే. బయటికి వచ్చాక పిల్లలు చెప్పుకున్నది మాత్రం ఆ ఫోను గురించే.

దీనికి దారి తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో ఉన్నదని నేను అనుకుంటున్నాను. చదువు ముగించి వెళ్ళిపోతున్న శిష్యుడితో ఆచార్యుడు 'యాన్యస్మాకం సుచరితాని, తాని త్వయోపాస్యాని, నో ఇతరాణి' అంటాడు. మాలో మంచి నడవడి ఏదైతే ఉన్నదో దాన్నే నువ్వు అనుసరించు, తక్కినవి వద్దు అని. ఆ 'తక్కినవి' తనలో ఉన్నాయని ఆయన దాచలేదు. మీరు కూడా రోగితో, 'నేను నడవడం లేదు, ఈ విషయంలో నన్ను చూసి నేర్చుకోవద్దు' అని చెప్పగలిగితే, మీ మాట బరువు తగ్గదు సరికదా, పెరుగుతుంది. అయితే ఆ మాటను ఏళ్ళ తరబడి చెబుతూనే ఉండటం కన్నా, ఒక సాయంత్రం ఆసుపత్రి నుంచి నడిచి ఇంటికి వెళ్ళడం తేలిక కావచ్చునని కూడా చనువుతో చెబుతున్నాను.

నెల్లూరు మూలాపేట నుంచి ఒక సభ్యురాలు:

ఒజ్జబంతికి మా పేటలోనే ఒక ఉదాహరణ ఉన్నది. ఇక్కడి వేణుగోపాలస్వామి ఆలయంలోకి దళితులను రానివ్వాలని 1946లో పొట్టి శ్రీరాములు గారు నిరాహారదీక్ష పట్టారు, చివరకు గుడి తలుపులు వాళ్ళకు తెరుచుకున్నాయి. దళితుల మేలు కోరే మాటలు రాసిన అట్టలు ధరించి, ఎండలో చెప్పులూ గొడుగూ లేకుండా ఆయన నెల్లూరు వీధుల్లో తిరిగేవారట. చాలామంది పిచ్చివాడన్నారట. అట్ట మీది అక్షరాలు చదవడం రానివాళ్ళకు కూడా ఆయన పస్తు అర్థమయింది. ఇంకొక సందేహం కూడా ఉన్నది. ఒజ్జబంతిని మనుషులకు వాడవచ్చునా, రాతకు మాత్రమేనా?

నా సమాధానం:

వాడవచ్చునమ్మా. మేలుబంతి, ఒరవడి రెండూ రాత నుంచి మొదలై, ఆదర్శంగా తీసుకోదగిన దేనికైనా చెల్లాయి. 'ఆయన మా పేటకు ఒజ్జబంతి' అంటే తెలుగుకు ఏ ఇబ్బందీ లేదు. శ్రీరాములు గారి పేరు ముందుగా నాకే తట్టవలసింది, గుర్తుచేసినందుకు కృతజ్ఞతలు.

చివరగా, యాస్కుడి ప్రస్తావన ఉన్న నా వాక్యం కింద కందుకూరు మిత్రుల సవరణను చేర్చాను. పాత వాక్యాన్ని చెరపలేదు, ఎక్కడ తప్పానో కనిపించాలి. నా దగ్గర చదువుకున్నవాళ్ళు ఈ బృందంలో కొందరు ఉన్నారు, వాళ్ళలో ఇప్పుడు పాఠాలు చెబుతున్నవాళ్ళూ ఉన్నారు. మీ పాత నోటుపుస్తకాల్లో ఆ శ్లోకం పక్కన యాస్కుడి పేరు ఉంటే అది నేను చెప్పి రాయించినదే. దయచేసి కొట్టివేయండి, మీ పిల్లలకు అలా చెప్పి ఉంటే వాళ్ళచేత కూడా కొట్టివేయించండి.