అప్‌డేట్: స్విచ్ ఆపినా వెలిగే ఎల్‌ఈడీ బల్బు సంగతి తేలింది

ఇంట్లో బల్బులన్నీ ఎల్‌ఈడీకి మార్చాక, పడగ్గదిలో 9 వాట్ల బల్బు స్విచ్ ఆపినా రాత్రంతా సన్నగా వెలుగుతోందని పోయిన నెల అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. బల్బు లోపమనీ, వోల్టేజీ సమస్యనీ కొందరన్నారు కానీ, వైరింగ్ చూపించమన్నవాళ్ల మాటే నిజమైంది.

స్విచ్ ఆపి, హోల్డర్‌లో టెస్టర్ పెడితే ఎర్రగా వెలిగింది! ఫేజ్ (కరెంటు వచ్చే వైరు) నేరుగా హోల్డర్‌కి వెళ్తోంది, స్విచ్చేమో న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) మీద ఉంది. అందుకే స్విచ్ ఆపినా కాస్త కరెంటు లీకై ఎల్‌ఈడీ సన్నగా వెలుగుతోంది. పాత 60 వాట్ల బల్బు వెలగడానికి ఆ లీకయ్యే కాస్త కరెంటు చాలదు కాబట్టి ఇన్నేళ్లూ బయటపడలేదు. స్విచ్ ఆపేశాం కదా అని అమ్మ ఎన్నిసార్లు ఆ హోల్డర్ తుడిచిందో తలుచుకుంటే ఒళ్లు జలదరించింది.

ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపి వైర్లు సరిచేశాడు, పావుగంట పని. ఇప్పుడు ఆపితే చీకటే. అంతకుముందు వేరే కంపెనీ బల్బులు రెండు కొన్నాను, వాటితో ఏ మార్పూ రాలేదు. వోల్టేజీకీ దీనికీ సంబంధం లేదు.