ఓమిట్ పెట్టినా మైగ్రేషన్స్ కవరేజ్ రిపోర్ట్‌లో వస్తున్నాయి, టెస్ట్ రాయని ఫంక్షనేమో 100% చూపిస్తోంది

ప్రశ్న:
జాంగో ప్రాజెక్ట్, పైటెస్ట్-కవ్ (టెస్ట్‌లు కోడ్‌లో ఏ వరుసలను నడిపాయో కవరేజ్ అనే పనిముట్టుతో లెక్కించే ప్లగిన్) వాడుతున్నాం. సెట్టింగులన్నీ పైప్రాజెక్ట్.టామల్‌లో ఉన్నాయి. రన్ విభాగంలో ఓమిట్‌కి (లెక్కలోంచి తీసేయాల్సిన ఫైళ్లు) "మైగ్రేషన్స్/*" ఇచ్చాను. రిపోర్ట్ విభాగంలో ఎక్స్‌క్లూడ్_లైన్స్ (లెక్కలోంచి వదిలేయాల్సిన వరుసలు) కింద "పాస్", "రెయిజ్ నాట్‌ఇంప్లిమెంటెడ్‌ఎర్రర్" అని రెండు వరుసలు రాశాను. మూడు చిక్కులు వచ్చాయి. ఒకటి, ప్రతి యాప్‌లోని మైగ్రేషన్స్ (డేటాబేస్ మార్పుల ఫైళ్లు) ఇంకా లెక్కలోకి వస్తున్నాయి. రెండు, కోడ్‌లో అక్కడక్కడా పెట్టిన "ప్రాగ్మా: నో కవర్" కామెంట్లు (ఆ వరుసను లెక్కించొద్దని చెప్పేవి) పనిచేయడం మానేశాయి. మూడోది మరీ వింత: ఛేంజ్_పాస్‌వర్డ్ వ్యూకి ఒక్క టెస్ట్ కూడా లేదు, అయినా ఆ ఫైల్ 100% అంటోంది.

జవాబు 1:
ఓమిట్‌లో రాసేది ఫైల్ పేర్ల నమూనా, ఎక్స్‌క్లూడ్‌లో రాసేది రెజెక్స్ (అక్షరాల వరుసను వెతికే నమూనా). ఈ తేడా పట్టుకుంటే సగం చిక్కు విడిపోతుంది.

నమూనా ముందు నక్షత్రం గుర్తు లేకపోతే, కమాండ్ నడిపిన ఫోల్డర్ నుంచే దారి మొదలవుతుంది. అంటే మీరు రాసింది ప్రాజెక్ట్ పైవరసలో ఉన్న మైగ్రేషన్స్ ఫోల్డర్‌కే తగులుతుంది, యాప్‌ల లోపలివాటికి కాదు. "*/మైగ్రేషన్స్/*" అని మార్చండి. కవరేజ్ వెర్షన్ 7 నుంచి నమూనా మధ్యలో వచ్చే ఒంటి నక్షత్రం స్లాష్ దాటదు. ఎన్ని ఫోల్డర్ల లోతుకైనా వెళ్లాలంటే జంట నక్షత్రాలు కావాలి. మొదట్లో "*/", చివర్లో "/*" ఉంటే మాత్రం వాటిని జంట నక్షత్రాలుగానే లెక్కేస్తుంది.

ప్రాగ్మా పోవడానికి కారణం ఎక్స్‌క్లూడ్_లైన్స్. అది డిఫాల్ట్ జాబితాకి చేర్చదు, దాన్ని తీసేసి మీ జాబితా పెడుతుంది. 7.2 నుంచి ఎక్స్‌క్లూడ్_ఆల్సో ఉంది, అది వాడండి. పాత వెర్షన్ అయితే ప్రాగ్మా వరుసను కూడా మీరే జాబితాలో రాసుకోవాలి.

ఇక వింత సంగతి. రెజెక్స్ వరుసలో ఎక్కడ తగిలినా చాలు. "పాస్" అనేది "పాస్‌వర్డ్"లోనూ ఉంది కదా! పైగా తగిలిన వరుస డెఫ్, ఇఫ్, క్లాస్ లాంటిదైతే దాని కింది బ్లాక్ మొత్తం పోతుంది. డెకరేటర్‌కి తగిలినా అంతే, ఫంక్షన్ అంతా మాయం. ఆ వరుస తీసేయండి. ఎక్సెప్ట్ కింద ఊరికే పాస్ రాసిన చోట్లు అసలు నడిచాయో లేదో తెలియడమే మంచిది.

ఇలాంటి గుంట ఇంకొకటి ఉంది: ఖాళీ ఫంక్షన్‌లో రాసే మూడు చుక్కల వరుసలను వదిలేయాలని చుక్కలు మూడూ అలాగే రాయడం. రెజెక్స్‌లో చుక్క అంటే ఏ అక్షరమైనా. మూడు అక్షరాలున్న ప్రతి వరుసా ఎగిరిపోతుంది. ప్రతి చుక్క ముందూ బ్యాక్‌స్లాష్ పెట్టి, టామల్‌లో దాన్ని ఒంటి కోట్స్‌లో రాయండి. జంట కోట్స్‌లో అయితే ఫైలే పార్స్ కాదు.

అడిగినవారు:
రెండోది, మూడోది సరిపోయాయి అనుకున్నాను, కానీ రిపోర్ట్‌లో ఏ మార్పూ లేదు. మైగ్రేషన్స్ కూడా అలాగే ఉన్నాయి.

జవాబు 2:
ప్రాజెక్ట్‌లో పాత .కవరేజ్‌ఆర్‌సీ ఫైల్ మిగిలి ఉందేమో చూడండి. అది ఉంటే పైప్రాజెక్ట్.టామల్ వైపు తొంగి కూడా చూడదు. అది లేనప్పుడు సెటప్.సీఎఫ్‌జీ, టాక్స్.ఐఎన్‌ఐ, ఆ తర్వాతే టామల్. కవరేజ్ సెట్టింగులు మొదట ఎందులో దొరికితే అదే, మిగతావి కలపదు. "కవరేజ్ డీబగ్ కాన్ఫిగ్" నడిపితే ఏ ఫైల్ చదివిందో, ఓమిట్ విలువ ఏమిటో కనిపిస్తుంది.

అడిగినవారు:
అదేనండి, ఇవే పాత సెట్టింగులున్న ఫైల్ ఒకటి ఉంది! తీసేశాక మైగ్రేషన్స్ పోయాయి. ఛేంజ్_పాస్‌వర్డ్ ఎర్రబడింది (నడవని వరుసలకు ఆ రంగు), మొత్తం శాతం తగ్గి ఫెయిల్_అండర్ (కనీస శాతం హద్దు) దగ్గర బిల్డ్ ఆగింది.

జవాబు 3:
ఆగాల్సిందే, ఇన్నాళ్లూ దొంగ లెక్క. హద్దు తగ్గించే బదులు ఆ వ్యూకి టెస్ట్ రాయండి.

టెస్ట్‌ల ఫోల్డర్‌ని మాత్రం ఓమిట్‌లో పెట్టకండి. ఒకే ఫైల్‌లో రెండు టెస్ట్‌లకి ఒకే పేరు పడితే మొదటిది ఎప్పటికీ నడవదు. రిపోర్ట్‌లో దాని వరుసలు ఎర్రగా కనబడితేనే దొరుకుతుంది.

ఎసింక్ ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ వాడేవాళ్లకి ఒక మాట: డేటాబేస్ అవెయిట్ తర్వాతి వరుసలు టెస్ట్ ఉన్నా ఎర్రగా వస్తే వాటికి ప్రాగ్మా తగిలించకండి. ఆ లైబ్రరీ లోపల గ్రీన్‌లెట్ (థ్రెడ్ లాంటి తేలికైన అమరిక) నడుస్తుంది. రన్ విభాగంలో కాంకరెన్సీకి థ్రెడ్, గ్రీన్‌లెట్ రెండూ ఇవ్వండి. గ్రీన్‌లెట్ ఒక్కటే ఇస్తే డిఫాల్ట్‌గా ఉన్న థ్రెడ్ పోతుంది.