రెండో కోటు రోలర్ తిప్పితే పుట్టీతో సహా ఊడొచ్చేస్తోంది

బాలాజీ నగర్ ఫ్లాట్ (రాత్రి 8:50)
పొద్దున్న తొమ్మిదింటి నుంచి ఇదే పని, బుర్ర పనిచెయ్యట్లేదు. విజయనగరంలో డబుల్ బెడ్‌రూం ఫ్లాటు. లోపలంతా రంగులేయిస్తున్నాం, మెటీరియల్‌తో కలిపి అడుగు లెక్కన కాంట్రాక్టు. హాలు, ఒక బెడ్‌రూం అద్దంలా వచ్చాయి. రెండో బెడ్‌రూంలో గోడ నున్నగా చేసే పుట్టీ, రంగుకి ముందేసే ప్రైమరు, మొదటి కోటు బాగానే పట్టాయి. రెండో కోటు వేస్తుంటే అరచెయ్యంత పెచ్చులు రోలర్‌కి అంటుకుని వచ్చేస్తున్నాయి. మూడు గంటలు ఫ్యాను పెట్టి ఆరబెట్టి, ఊడినచోట మళ్లీ పుట్టీ, ప్రైమరు పెట్టించాను. పక్కనే బుడగ లేచింది. పెయింటరు రంగు మంచిది కాదంటాడు, షాపువాళ్లు పనితనం బాగోలేదంటారు. పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతరకి ఇంక పన్నెండు రోజులే, ఇంటినిండా చుట్టాలొస్తారు. ఏ కంపెనీ రంగు మార్చమంటారు?

రంగుల మేస్త్రి (9:02)
రంగు మార్చకండి. ఊడిన పెచ్చు తిరగేసి చూడండి. వెనక పొడి అంటిందా, నున్నగా ఉందా, తడిగా ఉందా?

అరసవల్లి (9:10)
బాబూ, ముందొకటి చెప్పండి. తలుపులు, కిటికీ గ్రిల్స్ కూడా రుద్దిస్తున్నారా? పాత ఎనామిల్ (ఆయిల్ పెయింటు) అయితే జాగ్రత్త. ఇళ్లకి వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లకి మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచే అమల్లోకొచ్చింది. అంతకుముందు వేసిన ఎనామిల్‌లో ఎంతుందో కంటితో చూసి చెప్పలేం. పొడిగా రుద్దితే ఆ దుమ్ము నేలమీద, పక్కబట్టల మీద పడుతుంది. పాకే పిల్లల చేతులు నోట్లోకే వెళ్తాయి. వాటర్‌పేపరుతో (తడిపి వాడే ఉప్పుకాగితం) తడిపి రుద్దించండి. చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో ఎత్తండి. పసిపిల్లల్ని, గర్భిణుల్ని ఆ రెండు రోజులు ఇంట్లో ఉంచకండి.

రంగుల మేస్త్రి (9:13)
ఆయన అడిగింది గోడ గురించి.

అరసవల్లి (9:15)
గోడ రేపైనా బాగవుతుంది మాస్టారూ. ఒంట్లోకి వెళ్లిన సీసం అలా కాదు.

బాలాజీ నగర్ ఫ్లాట్ (9:31)
తిరగేసి చూశాను. మూడు గోడల పెచ్చులకి వెనక తెల్లటి పొడి ఉంది, వేలికి అంటుతోంది. మంచం తలవైపు గోడది మాత్రం తడిగా ఉంది. ఆ గదికి ముందునుంచీ చేత్తో రాస్తే అంటుకునే రంగే. మిగతా గదులకి ప్లాస్టిక్ పెయింటు. ఇది కూడా చెప్పాలని తెలీదు.

రంగుల మేస్త్రి (9:58)
అసలు విషయం అదే. చేతికంటేది డిస్టెంపరు. దాన్ని గీకకుండా పైన పుట్టీ పెట్టారు. పుట్టీ పట్టుకున్నది గోడని కాదు, ఆ పొడిని. మొదటి కోటుకి తడి పైపైనే ఉంది కాబట్టి నిలబడింది. రెండో కోటు నీళ్లు లోపలికి దిగి డిస్టెంపరు నాని మెత్తబడింది, తడి రోలర్ లాగితే పొరంతా కలిసి వచ్చేసింది. ఎంత ఖరీదైన రంగు వేసినా ఇంతే.

ఊడినచోట అతుకులు వెయ్యకండి. మూడు గోడలూ పూర్తిగా గీకించాలి. గీకాక గోరువెచ్చటి నీళ్లు, స్పాంజితో రెండుసార్లు కడగండి, నీళ్లు మారుస్తూ. ఆరాక నల్లగుడ్డతో రుద్దండి. తెల్లగా అంటితే ఇంకోసారి కడగాలి. తర్వాత మాస్కింగ్ టేపు గట్టిగా అంటించి ఒక్క లాగు లాగండి. టేపు శుభ్రంగా వస్తేనే ముందుకెళ్లండి.

ఇక్కడినుంచి రెండు దారులు. ప్లాస్టరింగ్ బయటపడేదాకా గీకగలిగితే గోడ మీద కాస్త నీళ్లు చల్లి వైట్ సిమెంట్ పుట్టీ పెట్టొచ్చు. అక్కడక్కడా పొడి మిగిలిపోతే టర్పెంటైన్ కలిపే సిమెంట్ ప్రైమరు (ఆయిల్ ప్రైమరు) పల్చగా కొట్టండి, అది పొడిలోకి ఇంకి బిగిస్తుంది. కానీ దాని మీద అక్రిలిక్ పుట్టీయే పెట్టాలి. ఆయిల్ ప్రైమరు మీద సిమెంట్ పుట్టీకి పట్టు దొరకదు. రెండిట్నీ కలగలిపితే మళ్లీ మొదటికొస్తారు.

సిమెంట్ పుట్టీ అయితే 10 కిలోలకి సుమారు 4 లీటర్ల నీళ్లు. కలిపాక పది నిమిషాలు వదిలి మళ్లీ కలపాలి. రెండు గంటల్లో అయిపోయేంతే కలపమనండి. గట్టిపడ్డాక మళ్లీ నీళ్లు పోసి వాడితే అది పొడై రాలుతుంది, చాలాచోట్ల జరిగే తప్పు ఇదే. రెండు కోట్లూ కలిపి ఒకటిన్నర మిల్లీమీటరు దాటకూడదు. రుద్దాక దుమ్ము తుడవకుండా ప్రైమరు కొట్టినా పెచ్చే.

గది 12 బై 10, ఎత్తు 10 అడుగులు అనుకుంటే గోడలు 440 చదరపు అడుగులు, తలుపూ కిటికీ పోను 400. రెండు కోట్లకి 40 కిలోల పుట్టీ బస్తా ఒకటి, ఎమల్షన్ (ప్లాస్టిక్ పెయింటు) ఆరేడు లీటర్లు పడుతుంది.

నాగావళి ఒడ్డు (10:06)
పుట్టీ పుట్టీ అంటారేటి, మన వైపు దాన్ని లప్పం అనే కదా అంటారు.

రంగుల మేస్త్రి (10:11)
నోటిమాటకి అన్నీ లప్పమే. కానీ అసలు లప్పమంటే చాక్ పౌడరు నూనెలోనో వార్నిష్‌లోనో కలిపేది, చెక్క తలుపులకి. షాపులో లప్పమని అడిగి అదే తెచ్చి గోడకి పెడితే నెమ్ము బయటికి పోదు, రంగు పసుపెక్కుతుంది. బస్తా మీద ఏం రాసుందో చదివి తెచ్చుకోండి.

నాగావళి ఒడ్డు (10:14)
శ్రీకాకుళంలో లప్పం బస్తా ఇమ్మంటే వైట్ సిమెంటుదే ఇస్తారు. పేరు గురించి ఇంత పట్టింపెందుకో.

సివిల్ సైటు (10:22)
తడిగా ఉన్న నాలుగో గోడ సంగతి ఎవరూ అడగలేదు. అవతల ఏముంది?

బాలాజీ నగర్ ఫ్లాట్ (10:25)
అటాచ్డ్ బాత్రూం.

సివిల్ సైటు (10:47)
అయితే ఆ గోడకి డిస్టెంపరు ఒక్కటే కారణం కాదు. నెమ్ము ఎక్కడుందో చూడండి. నేల నుంచి అడుగు, రెండడుగుల వరకే అయితే నహానీ ట్రాప్ (బాత్రూం నేలలో నీళ్లు పోయే జాలీ) దగ్గరో, టైల్స్ సందుల్లోంచో నీరు దిగుతోంది. ట్యాపుల ఎత్తులో నిలువుగా చార ఉంటే గోడలోపలి పైపు. ట్రాప్ నోరు గుడ్డమూటతో మూసి అంగుళం లోతు నీళ్లు కట్టి 24 గంటలు ఉంచండి. మట్టం తగ్గి, గోడ తడి పెరిగితే నేలలోంచే.

అడుగున్నర పాలిథిన్ షీటు నాలుగు వైపులా టేపేసి గోడకి అంటించి ఒక రోజు చూడండి. షీటు లోపలివైపు చెమ్మ పడితే గోడలోంచి వస్తోంది. బయటివైపు పడితే గదిలో గాలి తేమ, మన దగ్గర ఈ నెలల్లో అదీ ఉంటుంది.

బెడ్‌రూం వైపు వాటర్‌ప్రూఫ్ రంగు కొట్టిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. నీరు వెనకనుంచి తోస్తుంటే ఏ పొరైనా బుడగలెత్తుతుంది. బాత్రూం వైపు టైల్స్ సందులు గీకి ఎపాక్సీ గ్రౌటు (నీరు దిగకుండా సందుల్లో నింపేది) పెట్టించాలి, పైపు అయితే గోడ కొట్టాల్సిందే. తెల్లగా ఉప్పు పేలితే నీళ్లతో కడగొద్దు, కరిగి మళ్లీ లోపలికే పోతుంది. పొడి బ్రష్షుతో దులపండి. రిపేరయ్యాక గోడ ఆరడానికి మూడు నాలుగు వారాలు. సిరిమానుకి ఆ గోడ అవ్వదండి. గీకి వదిలెయ్యండి, మంచం రెండడుగులు ఇవతలికి జరపండి, గాలి తగలాలి.

బాలాజీ నగర్ ఫ్లాట్ (10:58)
మళ్లీ గీకడానికి డబ్బులెవరివి?

రంగుల మేస్త్రి (11:04)
కాగితంలో రీపెయింటింగ్ అని ఉందా, గీకి కొత్త పుట్టీ అని ఉందా? రెండోదైతే అతనిదే బాధ్యత. మొదటిదైతే గీకుడుకి విడిగా మాట్లాడుకోండి. బాత్రూం నీరు మాత్రం పెయింటర్ తప్పు కాదు.

బాలాజీ నగర్ ఫ్లాట్ (11:40)
కాగితమేమీ రాసుకోలేదు. బాత్రూంలో నీళ్లు కట్టాను, రేపు మూడు గోడలు గీకిస్తా. థాంక్స్ అండి.

అరసవల్లి (11:52)
తలుపుల సంగతి చెప్పలేదు. ఎనామిల్ ఎప్పటిది?